నిండుకున్న పాతర్లు

అరవై మూడో ఏడు, 203వ రోజు

ఇది నా సొంత పుస్తకం. లెక్కలగదికి పంపే చీటీలు వేరు. వాటిని యంత్రం చదువుకుని దాని అంకెలు అది వేసుకుంటుంది. ఇందులో మాత్రం నాకు తోచింది రాసుకుంటాను, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

పొద్దున్నే నా ఆరు పాతర్ల మూతలూ తుడిచాను. పదమూడో దాని అంచున చెమ్మ కనిపిస్తే మైనం పూశాను. నాలుగో లంక పొలంలోంచి వచ్చిన నలుగురు కాళ్లు దులుపుకోకుండానే నడవలోకి దిగబోతే వెనక్కి పిలిచి, గుడ్డ మీద నిలబెట్టి, మడమల పగుళ్లలో ఉన్నది కూడా దులిపించాను. ఆ ధూళిలో తెల్లమన్ను ఉంటుంది. తెల్లమన్ను పడని వరి ముదురాకుపచ్చగా నిలబడుతుంది గాని పిలక వెయ్యదు, గింజ కట్టదు. బళ్లో పిల్లలకు కూడా తెలిసిన సంగతే. అయినా వంగి కాళ్లు దులుపుకోమంటే ఒక్కొక్కళ్లకీ నడుము నొప్పి.

ఎండిపోయిన ఉప్పు చెరువు అడుగున దొరికిన ఆ మన్నంతా మొదటివాళ్లు తవ్వి తెచ్చి ముప్పై పాతర్లలో పోశారు. ఒక్కోటి పన్నెండు మూరల లోతు. ఆ తర్వాత ఈ గ్రహం మీద వెతకని చోటు లేదు. మళ్లీ చిటికెడు దొరకలేదు. ఆ ముప్పై పాతర్లకీ ఐదుగురం కాపరులం. పదమూడు నుంచి పద్దెనిమిది దాకా నావి. నాకు ముందు మా అత్తగారు బుల్లెమ్మగారివి.

పదింటికి ఎనిమిది బళ్లు వచ్చి నడవలో బారుగా నిలబడ్డాయి. మేస్త్రీ నా చేతిలో ఆజ్ఞాపత్రం పెట్టాడు. కొత్తగా కప్పు మూసిన ఎనిమిదో లంక పొలానికి తొలిమన్ను వెయ్యాలట, మొదటి విడతగా పద్నాలుగో పాతరలోంచి నాలుగు వందల గంపలు తియ్యాలట. నాకు నవ్వొచ్చింది. పద్నాలుగు నిండుకుందని పోయిన ఏడే నా చేత్తో రాసి పంపాను. ఫోను తీసి లెక్కలగదిలో సుధన్వని పిలిచాను. తెల్లమన్ను పంపకమంతా అతని చేతి మీదే జరుగుతుంది.

"బాబూ, పద్నాలుగు నిండుకుందని రాశాను కదా, చూసుకోలేదా?"

"చూశామండి మాణిక్యంగారూ. అందుకేగా దాన్నే ఎంచుకున్నాం."

"నిండుకున్న పాతరలోంచి ఎలా తీస్తారు?"

"నిండుకున్నప్పుడు తియ్యకపోతే ఇంకెప్పుడు తీస్తామండీ?"

నాతో పరాచికాలాడుతున్నాడనుకున్నాను. పని వేళ ఈ వేళాకోళాలేంటని నాలుగు దులిపి ఫోను పెట్టేసి, బళ్లు వెనక్కి పంపేశాను. మేస్త్రీ గొణుక్కుంటూ వెళ్లాడు.

204వ రోజు

సుధన్వ తనే వచ్చాడు. ముప్పై ఒక్కేళ్లవాడు, మర్యాద తెలిసినవాడు. పెరుగు పండగ ఇంక పదకొండు రోజులే ఉందనీ, ఆరోజు ఎనిమిదో లంక తెరవకపోతే తన పరువు పోతుందనీ చెప్పాడు. నేను తాళం తీసి, మూత జరిపి, దీపం అతని చేతికిచ్చి నిచ్చెన చూపించాను.

దిగాడు. చాలాసేపటికి కింది నుంచి గొంతు వినపడింది.

"ఏదండీ?"

"ఏది?"

"మన్ను."

"నిండుకుందని నిన్నటి నుంచీ మొత్తుకుంటున్నాను కదయ్యా."

పైకొచ్చి మూత అంచున కూర్చున్నాడు. మోకాళ్లకు అంటిన తెల్లటి ధూళి గుడ్డలోకి దులపమని నేను చెప్పక ముందే దులిపాడు, అది మెచ్చుకోవాలి. తర్వాత తన పలక తీసి చూపించాడు. పద్నాలుగో పాతర వరసలో ఎడమ పక్కన నేను రాసిన మాట ఉంది, నిండుకుంది అని. దాని ఎదురుగా యంత్రం వేసిన అంకె ఉంది. పన్నెండు మూరలు.

ఈ పన్నెండు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాను. యంత్రానికి మాటలు నేర్పినప్పుడు ఎవరో ఒక పట్టీ రాసి ఇచ్చారట. నిండు, నిండుగా, నిండింది, నిండుకుంది. నాలుగింటికీ ఒకటే అర్థం, పాతర అంచుదాకా ఉందని.

"మీ ఇంట్లో డబ్బాలో బియ్యం అడుగంటితే మీ అమ్మ ఏమంటుంది బాబూ?"

"ఇంట్లో బియ్యం ఎందుకుంటాయండీ?"

నిజమే. ఇరవయ్యో ఏట ఇళ్లలో పొయ్యిలు తీసేసి లంకకో వంటశాల పెట్టారు. వండిన అన్నం గిన్నెలోకి వస్తుంది. బియ్యం డబ్బా మొహం చూడని వాడికి ఆ మాట ఎవరు చెప్తారు? అయిపోయాయి అంటే అశుభమని, లేవు అనడానికి నోరు రాక, పూర్వపు ఆడవాళ్లు నిండుకున్నాయి అనేవారు. మా కాపరులకు అది అలాగే అబ్బింది. మూరలు ఉన్నంత కాలం మూరలు రాస్తాం. అడుగు కనిపించిన రోజున ఈ మాట రాస్తాం.

"మరి రెండు మూరలున్న పాతర మర్నాటికి పన్నెండు ఎలా అయిందని ఎవరూ అడగలేదా?"

"తిరుగుమన్నుతో నింపారనుకున్నామండి."

మురుగులోంచి వడగట్టి వెనక్కి తెచ్చేది తిరుగుమన్ను. అది నేరుగా పొలాలకే పోతుంది, పాతర్ల మొహం ఎప్పుడూ చూడదు. మేమేమో ఒక్కో పాతర నిండుకుందని రాస్తున్నాం. వీళ్లేమో మురుగు శాఖ వాళ్లకు దండలు వేస్తున్నారు.

"ఒక్క పాతరే కదండీ, సరిదిద్దేస్తాను," అని వెళ్లాడు. నాకు మాత్రం ఒక్కటే అనిపించలేదు. నా వాటిలో పదిహేను, పదహారు అత్తయ్యగారి హయాంలోనే నిండుకున్నాయి.

205వ రోజు

అత్తయ్యగారికి చెప్పాను. ఎనభై నాలుగేళ్లు ఆవిడకి, చెవులు బాగానే పనిచేస్తాయి. మొదటిసారి చెప్పినప్పుడు నవ్వింది. రెండోసారి చెప్పాక నవ్వలేదు.

"నేను అబద్ధం రాయలేదే అమ్మాయ్."

"మీరు సరిగ్గానే రాశారు అత్తయ్యా. వాళ్లు చదవడంలోనే వచ్చింది తప్పు."

"పాతర దగ్గర లేదు అన్న మాట అనకూడదని మా అమ్మ చెప్పింది. వింటే అది నిజం చేసుకుంటుందట. నేను నీకదే చెప్పాను. ఆ నలుగురికీ అదే చెప్పాను."

మిగిలిన నలుగురు కాపరులకీ పని నేర్పింది ఈవిడే. మధ్యాహ్నం గిన్నె ముట్టుకోలేదు. ఎంత బతిమాలినా తినలేదు.

సాయంత్రం మా హైమ వచ్చింది. నాకున్నది ఒక్కతే కూతురు. మా ఐదో లంక వంటశాలలోనే వడ్డన పని చేస్తుంది, కాపురం ఆరో లంకలో. రెండు గదుల్లో తొమ్మిది మంది, వంతులేసుకుని పడుకుంటారు. దాని వంతు మధ్యాహ్నం నాలుగు గంటలు, తెల్లారుజామున రెండు. రెండేళ్ల పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుని నిద్రపోవడం నేర్చుకుంది.

"ఖాయం అయిందమ్మా. ఎనిమిదో లంక, మూడో వరస, పదకొండో గది. మా ముగ్గురికే. తలుపు మీద పేర్లు కూడా రాసేశారు."

దాని మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో. మంచిది తల్లీ అన్నాను. పాతర్ల దగ్గర ఏదో గొడవటగా అని అడిగితే, పద్నాలుగు నిండుకుంది అని చెప్పాను. "నిండితే మంచిదేగా, అదేం గొడవ?" అంది. నా కడుపున పుట్టిన పిల్లకే ఆ మాట తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు మరి. చెప్పే అవసరం రాలేదు.

207వ రోజు

రెండు రోజులుగా కొలకర్ర పట్టుకుని ముప్పై పాతర్లూ తిరిగాను. ఉత్తరం వైపు ఆరింటికి కాపరి వీరరాఘవులు అన్నయ్య. మోకాళ్ల నొప్పి మనిషి, అయినా కూడా వచ్చి ప్రతి మూతా తనే జరిపాడు. ఆయన ఆరింటిలో ఐదు నిండుకున్నాయి.

"నాది నిండుకుంటే పక్కవాళ్లకి ఉంటుందిలే అనుకున్నా చెల్లెమ్మా. బళ్లు అటు తిరిగిపోయేవి. నేను మూతలు తుడుచుకుంటూ కూర్చునేవాణ్ణి."

అందరిదీ అదే మాట. ఎవరికి వాళ్లు తమవే నిండుకున్నాయనుకున్నారు. నేను మాత్రం వేరేగా అనుకున్నానా?

ముప్పైలో ఇరవై ఒకటి నిండుకున్నాయి. ఏడు అరకొరగా ఉన్నాయి. ముట్టుకోనివి రెండే, అందులో ఒకటి నా పదిహేడో పాతర. అంతా కలిపి చదును చేస్తే ఐదు పాతర్ల మన్ను. లెక్కలగది పలక మీద మాత్రం ఇరవై ఆరు.

ఏటా నూటికి ఆరు చొప్పున పెరగాలన్నది మా పాలకసభ మొదటి నియమం. నిల్వ బాగుంటేనే పెరగాలని దానికో షరతు కూడా ఉంది, అంటే పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. కానీ ఏం జరిగిందో చూడండి. ఎన్ని పాతర్లు నిండుకుంటే పలక మీద మేము అంత నిండుగా కనపడ్డాం. ఎంత నిండుగా కనపడితే అంత పెరిగాం. ఎంత పెరిగితే అంత త్వరగా ఇంకో పాతర నిండుకుంది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. దీన్ని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఇప్పుడున్న ఏడు లంకలకీ, ఎంత దులుపుకున్నా, ఎంత వడగట్టినా, ఏడాదికి అర పాతర పోతుంది. అంటే పదేళ్లకి సరిపోతుంది. ఎనిమిదో లంకకి తొలిమన్ను నాలుగు పాతర్లు కావాలి.

208వ రోజు

నా లెక్క సుధన్వకి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. గంట తర్వాత కొత్త ఆజ్ఞాపత్రంతో తిరిగొచ్చాడు. పద్నాలుగు కొట్టేసి పదిహేడు అని రాసి ఉంది.

"ముందు లంక తెరిచేద్దామండి. తర్వాత నెమ్మదిగా సర్దుకుందాం."

"సర్దుకోవడానికి ఏం మిగులుతుంది బాబూ? ఒక్క పాతర. ఎనిమిది లంకలకి ఏడాదిన్నర."

అతనికి తెలియక కాదు. కొత్త లంకలో అడుగున పరిచే ఎర్రమన్నులో ఇనుము నిండా ఉంటుంది. తెల్లమన్ను కలపగానే పట్టేసుకుంటుంది, మళ్లీ వదలదు. అందుకే తొలిమన్ను అంత కుమ్మరించాలి. పదిలో తొమ్మిది పాళ్లు ఎర్రమన్ను మింగేశాక మిగిలిన పాలే వరికి అందుతుంది. ఆ తొమ్మిది పాళ్లు వెనక్కి తెచ్చే ఉపాయం ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదు.

"ఆరువందల నలభై మంది మూటలు కట్టుకుని కూర్చున్నారండి. వాళ్లలో మా అమ్మా నాన్నా ఉన్నారు."

"మా అమ్మాయీ ఉంది."

తాళం ఇమ్మని చెయ్యి చాపాడు. కాపరి తన చేత్తో తియ్యందే పాతర తెరవకూడదన్నది కూడా మొదటివాళ్లు పెట్టిన నియమమే. ఇవ్వనన్నాను.

209వ రోజు

హైమకి తెలిసిపోయింది. పిల్లని ఎత్తుకుని నేరుగా పాతర దగ్గరికే వచ్చింది. నేను పదిహేడో పాతర మూత మీద కూర్చుని ఉన్నాను.

"నిజమేనా అమ్మా?"

నిజమే అన్నాను. అంకెలు చెప్పాను. ఓపిగ్గా వింది. దానికి లెక్క అర్థం కాకపోవడమేం లేదు.

"పొలం లేకుండా ఊరికే ఉండొచ్చు కదా అక్కడ? గదులు ఉన్నాయి కదా?"

"పంట లేకపోతే గాలి ఎక్కణ్ణుంచి వస్తుందే? ఏ లంక గాలి ఆ లంక వరిదే."

పిల్ల జుట్టు సవరించింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"ఒక్క నెల ఆగి చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేదమ్మా?"

ఆ మాట నేనూ అనుకున్నాను. అత్తయ్యగారు తిండి మానేసిన రోజున అనుకున్నాను. వీరరాఘవులు అన్నయ్య మూతలు జరుపుతున్నప్పుడు అనుకున్నాను. నోరు మూసుకుంటే ఏడాదిన్నర దాకా ఎవరికీ తెలియదు, నా కూతురు కాళ్లు చాపుకుని పడుకుంటుంది. ఆ తర్వాత దాని పిల్లకి మూడున్నరేళ్లొస్తాయి, అప్పటికి వరి గింజ కట్టడం మానేస్తుంది. ఇది చెప్పబోయాను. అది వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

చాలా ఏడ్చాను. ఏడ్చానని రాసుకోవడానికి సిగ్గేం లేదు.

211వ రోజు

నిన్న, ఇవాళ మూత దిగలేదు. మధ్యలో స్నానానికి వెళ్లినప్పుడు వీరరాఘవులు అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. బళ్లు ఎదురుగానే నిలబడి ఉన్నాయి. మేస్త్రీ నాకు టీ తెచ్చిచ్చాడు, తన పని తను చెయ్యనివ్వమని బతిమాలాడు. టీ తాగి, కుదరదన్నాను.

ఇవాళ పొద్దున్న అత్తయ్యగారు చాప చంకలో పెట్టుకుని వచ్చింది. మూత మీద పరిచి నా పక్కనే చతికిలబడింది. తను నేర్పిన మాట వల్ల వచ్చిన ముప్పు కాబట్టి తనూ కూర్చుంటుందట.

పదకొండింటికి సభాధ్యక్షుడు ఆదిశేషయ్య వచ్చాడు, వెనకే సుధన్వ. ఆదిశేషయ్యకి యాభై ఎనిమిది. ఏటా పండగ రోజున మైకులో పెరిగాం అని ప్రకటించే గొంతు ఆయనదే. మూత మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉంటే ఏం చెయ్యాలో తోచక కాసేపు దగ్గాడు.

"మాణిక్యమ్మా, నాకందరూ చెప్పేది ఒకటే. పలక మీద ఇరవై ఆరున్నాయి. నువ్వు ఐదంటున్నావు. పన్నెండేళ్లుగా నేను చూస్తున్న అంకెలన్నీ తప్పేనా?"

"మీరు అంకెలే చూశారండి. మేము రాసిన మాట ఎప్పుడైనా చూశారా?"

"ఏం రాశారు?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు అందుకుంది.

"ఆదిశేషూ, మీ అమ్మ నాకు బాగా తెలుసు. రెండో లంకలో మా పక్క గది. అప్పటికింకా ఇళ్లలో పొయ్యిలుండేవి. మీ అమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి, బియ్యం నిండుకున్నాయిరా అనేది. అప్పుడు నువ్వేం చేసేవాడివి?"

"సంచి పట్టుకుని గాదె దగ్గరికి పరిగెత్తేవాణ్ణి," అన్నాడు ఆయన, ఇదేం ప్రశ్న అన్నట్టు.

తర్వాత ఆయన మొహం మారిపోయింది. సుధన్వ చేతిలోంచి పలక తీసుకున్నాడు. మొదటిసారి ఎడమ పక్కన చూశాడు, అంకెల పక్కన కాదు. వేలుతో ఒక్కో వరసా దిగుతూ చదివాడు. నిండుకుంది. నిండుకుంది. నిండుకుంది. ఇరవై ఒక్కసార్లు చదివాడు. ఏ ఒక్కటీ వదల్లేదు.

"అందరూ ఇదే రాశారా?"

"అందరికీ నేనే నేర్పాను నాయనా," అంది అత్తయ్యగారు.

ఆయన మా ముందు నేల మీదే కూర్చున్నాడు. పదేళ్లే ఉందా అని అడిగాడు. పదేళ్లు ఉందండి అన్నాను. లంక తెరిస్తే అని అడగబోయి, అడగలేదు. బళ్లని వెనక్కి పొమ్మని చేత్తో సైగ చేశాడు.

213వ రోజు

సభ తీర్మానం చదివారు. ఎనిమిదో లంక తెరవరు. ఈ ఏడు పెరగడం లేదు, వచ్చే ఏడూ పెరగం. ఏడు లంకల్లో ఎక్కడెక్కడ ఎంత మన్ను జారిపోతోందో చూడటానికి పనివాళ్లని వేశారు. పదేళ్లని ఇరవై చెయ్యగలరా, నలభై చెయ్యగలరా అన్నదే ఇంక వాళ్ల పని. సుధన్వ అడిగి మరీ ఆ గుంపులో చేరాడు. వాళ్ల నాన్న అతనితో మాట్లాడటం లేదట. మురుగు శాఖ వాళ్ల దండల సంగతి ఎవరూ ఎత్తలేదు.

జరిగినదానికి కారణం భాషాదోషం అని తీర్మానంలో రాశారు. అత్తయ్యగారు అది మూడుసార్లు చదివించుకుంది.

"దోషం భాషదా? అది ఉన్నది ఉన్నట్టే చెప్పింది కదే. వినేవాడికి వంటిల్లు లేకపోతే అదేం చేస్తుంది?"

ఇవాళే మళ్లీ కడుపారా అన్నం తింది.

కాపరులు ఇకపై మాటలు రాయకూడదు, అంకెలే రాయాలి. పద్నాలుగో పాతర ఎదురుగా సున్న చుట్టాను. ఈ పదకొండేళ్లలో మొదటిసారి. అత్తయ్యగారు అటు తిరిగి కూర్చుంది.

హైమ రాలేదు. పదకొండో గది తలుపు మీద పేర్లు చెరిపెయ్యడానికి తనే వెళ్లిందని అల్లుడు చెప్పాడు.

215వ రోజు

ఇవాళ పెరుగు పండగ. పెరిగిన రోజు కాబట్టి పెరుగు తినాలన్నది మొదటివాళ్ల సరదా, అదే ఆచారం అయిపోయింది. ఆ ఒక్కరోజూ వంటశాలలో సోయా పాలు తోడుపెడతారు. ఏడాదికోసారి పెరుగన్నం తిని బతుకుతున్న తెలుగువాళ్లం మేమే అయ్యుంటాం. ప్రతివాళ్లకీ ఒక గరిటె వేస్తారు, గిన్నె మళ్లీ చాపితే రెండో గరిటె వేస్తారు. రెండోది ఎవరికీ లేదనరు. ఆ రెండో గరిటె కోసమే పిల్లలు ఏడాదంతా ఎదురుచూస్తారు.

ఈ ఏడు మైకు మోగలేదు. పాలు మాత్రం తోడుపెట్టారు, ఒక్కొక్కరికి ఒక గరిటెకి సరిపడా.

మా ఐదో లంక వంటశాలలో కుండ దగ్గర హైమ నిలబడింది. నేను అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని వరసలో వెళ్లాను. నా గిన్నెలో గరిటె వేసింది, నా మొహం చూడలేదు. కళ్ల కింద నలుపు ఇంకా పెరిగింది. పక్కకొచ్చి బల్ల మీద కూర్చుని తిన్నాం. పుల్లగా, బాగుంది.

అందరూ తినేశాక అలవాటు కొద్దీ మళ్లీ వరస కట్టారు. నలభై మంది దాకా ఉంటారు. సభ తీర్మానం విన్నవాళ్లే అందరూ. అయినా కాళ్లు వాటంతట అవే వెళ్లి నిలబడ్డాయి. నేనూ నిలబడ్డాను, చెప్పొద్దూ. అందరికన్నా ముందు సుధన్వ ఉన్నాడు, గిన్నె చాపి. ఇప్పుడు హైమ ఏమంటుంది? అయిపోయింది, పొండి అని అరుస్తుందా? మా అమ్మనడగండి అంటుందా? అన్నా తప్పు పట్టను.

హైమ కుండ వంచి చూసింది. గరిటె అడుగున ఒకసారి గీరి, అంచుకి బోర్లించింది. తలెత్తి వరసంతా చూసింది. చివర్న ఉన్న నన్నూ చూసింది.

"పెరుగు నిండుకుందండీ," అంది.

సుధన్వ గిన్నె వెనక్కి తీసుకున్నాడు. అతని వెనకున్న ముసలాయన తీసుకున్నాడు. తర్వాత పిల్లలు తీసుకున్నారు. నిండుకుంటే వెయ్యడానికేం అని ఒక్కరూ అడగలేదు. నలభై మంది గిన్నెలు కడుక్కుని, కాళ్లు దులుపుకుని, ఎవరి గదికి వాళ్లు వెళ్లిపోయారు.